నాలుగు రకాల బియ్యం

నవంబర్ 2, ఆదివారం

ఈ డైరీ నాకు ఫుడ్ బ్యాంకులో దొరికింది. మందుల కంపెనీ వాళ్ళెవరో ఆకలితో ఉన్నవాళ్ళకు పంచమని పోయిన ఏడాది డైరీలు రెండు పెట్టెలు పంపించారు. వాటితోపాటు వారంలో గడువు తీరిపోయే బిస్కెట్లు, మా కాలనీలో ఎవరూ ఎన్నడూ తినని ఓట్స్ పొట్లాలు. బియ్యం అడిగితే ఇవీ వచ్చినవి. డైరీలను మూలన పడేయమన్నాడు బ్యాంకు నడిపే పవన్ సార్. నేను ఒకటి సంచిలో వేసుకున్నాను. అచ్చయిన తేదీలు కొట్టేసి నా తేదీలు రాసుకుంటాను.

ఎవరితోనూ అనలేనివి చాలా పోగయ్యాయి. పదకొండేళ్ళు మాత్రల ప్యాకింగ్‌లో నిలబడి పనిచేస్తే, సెప్టెంబర్‌లో లైను మూసేసి ఇంటికి పొమ్మన్నారు. మా ఆయన దశరథ్ ముత్తంగి దగ్గర గోదాముకు కాపలా. ఆయన జీతం కిరాయికీ అత్త మందులకూ సరిపోతుంది. తిండికి లోటని కాదు. ఊరికే కూర్చోలేక వలంటీరుగా చేరాను.

నవంబర్ 3, సోమవారం

ఇవాళ పవన్ సార్ మాకు ఇంటి తనిఖీ నేర్పాడు. వలంటీర్లం ఐదుగురం, అందరం ఆడవాళ్ళమే. నెల సరుకుల కిట్టు కావాలని పేరు రాయించుకున్న ప్రతి ఇంటికీ వెళ్ళాలి. నేరుగా వంటింట్లోకి వెళ్ళాలి. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, నూనె సీసా, ఏ గిన్నె మీద మూత కనిపిస్తే ఆ మూత తీసి చూడాలి. ఐదు కిలోలకు మించి బియ్యం ఉంటే ఫోన్‌లో ‘నిల్వ ఉంది’ అని నొక్కాలి. ఆ ఇంటికి ఇక ఆ నెల కిట్టు ఉండదు. పోయినేడు రెండంతస్తుల ఇల్లున్నవాడొకడు కిట్టు పట్టుకుపోయాడట, దాతలకు కోపం వచ్చిందట. అందుకని ఇప్పుడు మేము జనం గిన్నెల్లోకి తొంగి చూడాలి.

మొదటి ఇంట్లో మూత తీసేటప్పుడు సిగ్గేసింది. నాలుగో ఇంటికి అలవాటైపోయింది. అంత తొందరగా అలవాటైనందుకు నా మీద నాకే రోత పుట్టింది. మధ్యాహ్నానికి అదీ పోయింది.

నవంబర్ 4, మంగళవారం

పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. కర్దనూర్ దారిలో రేకుల గదిలో ఉండే కిష్టప్ప అనే ముసలాయన బియ్యాన్ని చాపలో చుట్టి దాచాడు. విప్పి చూస్తే రెండు కిలోలు కూడా లేవు. అంత మాత్రానికి దాచడమెందుకని కసిరాను. కనబడితే కిట్టు ఇవ్వరని ఎవరో చెప్పారట. ముసలాయన చేతులు జోడిస్తుంటే ఒళ్ళు మండింది. ఆయన మీదో, ఆయనకు ఆ మాట చెప్పినవాళ్ళ మీదో తెలియదు.

పక్క గదిలో బీహార్ నుంచి వచ్చిన కుటుంబం. నేను గుమ్మం ఎక్కకముందే ఆవిడ డబ్బాలన్నీ మూతలు తీసి నేల మీద వరసగా పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. చూసుకో దీదీ అంది హిందీలో. ఇదివరకు ఎక్కడో ఇలాంటి తనిఖీలు చూసిన మనిషి. బయటికి వచ్చి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఫ్యాక్టరీల వాసన వల్లనే. చలికాలం పొద్దుటిపూట అది మరీ కిందికి దిగుతుంది.

నవంబర్ 5, బుధవారం

ఇవాళ మా గల్లీ. అందరూ పిన్ని వరసగా ఖాలా అని పిలిచే ఆలంబీ ఇల్లు నాకే పడింది. తోటి వలంటీరు నిషితను వెళ్ళమంటే తనకు వేరే పది ఇళ్ళున్నాయంది. నేను ఆ ఇంటి ముందు నుంచి నడవను. ఆ దారి బురద.

ఖాలా కొడుకు ఇజాజ్ పనిచేసిన చోట యంత్రాలు కూడా అమ్మేశారు. ఇప్పుడు ముత్తంగి అడ్డా మీద కూలికి నిలబడతాడు, వారంలో రెండు రోజులు పిలిస్తే గొప్ప. కోడలు సుమయ్యకు ఏడో నెల. రేషన్ కార్డు జోగిపేటలో పెద్దకొడుకు దగ్గర ఉంది, అందరి బియ్యం ఆయనే తెచ్చుకుని తింటాడు. ఇదంతా ఫారంలో రాసి ఉంది.

నన్ను చూసి ఖాలా నవ్వింది. చాప పరిచి, కూసో బిడ్డా అంది. బిడ్డా అన్న ఆ పిలుపు నాకు పడదు. కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్ళి అన్నీ చూశాను. బియ్యం డబ్బా అడుగున గుప్పెడు. పప్పు లేదు. నూనె సీసాకు మరక మాత్రం ఉంది. గోడవారగా ఒక పెద్ద సత్తు గిన్నె, దాని మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. విప్పాను. ఏడెనిమిది కిలోలుంటాయి. దొడ్డు బియ్యం, సన్నబియ్యం, నూకలు, మధ్యమధ్య పొడుగాటి బాస్మతి గింజలు. మా ఇంట్లో ఒక్క రకానికే కటకటగా ఉంటే వీళ్ళకు నాలుగు రకాలు.

ఖాలా ఏదో చెప్పబోయింది. నేను ఫోన్ చూసుకుంటూ ‘నిల్వ ఉంది’ నొక్కాను.

నవంబర్ 6, గురువారం

ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయి. నా కళ్ళతో చూశాను. చూసిందే నొక్కాను.

నవంబర్ 9, ఆదివారం

పంపిణీ అయింది. మా బ్యాంకు అంటే పాత మెకానిక్ షెడ్డు. దాని ముందు షామియానా వేశారు. దాతల కంపెనీ నుంచి సూర్యారావు గారని ఒక పెద్దమనిషి వచ్చి ఆకలి గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆకలిగా ఉన్నవాళ్ళు ఎండలో నిలబడి విన్నారు. తర్వాత ప్రతి ఒక్కరూ కంపెనీ పేరు కనిపించేలా సంచిని గుండెకు ఆనించుకుని ఫొటో దిగాలి. ఒకామె సంచిని తిరగేసి పట్టుకుంటే మళ్ళీ పిలిచి తీయించారు. మొదటి సంచి అందించగానే సూర్యారావు గారు జేబులోంచి శానిటైజర్ తీసి చేతులకు రాసుకున్నారు. 

నిజం కూడా రాయాలి. అరవై రెండు ఇళ్ళకు ఇవాళ బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం చేరాయి. కిష్టప్ప షెడ్డు పక్కన నేల మీదే కూర్చుని సంచిలోవన్నీ రెండుసార్లు తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. సాయంత్రం బీహార్ ఆవిడ గదిలోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది. మూటలు మోసి మోసి పవన్ సార్ భుజం వాచిపోయింది. ఈ షెడ్డు లేకపోతే ఈ చుట్టుపక్కల ఎన్ని పొయ్యిలు ఆరిపోయేవో వంటిళ్ళు చూసిన నాకు తెలుసు. ఇంత మంచి పనిని ఇంత రోతగా ఎందుకు చేస్తారో అదే తెలియదు.

ఆలంబీ ఖాలా వచ్చింది. గంటన్నర లైనులో నిలబడింది. నిషిత జాబితా వెతికి పేరు లేదంది. ఖాలా మళ్ళీ చూడమని అడిగింది. మీ ఇంట్లో నిల్వ ఉందని వచ్చిందమ్మా అని నిషిత అందరికీ వినపడేలా చెప్పింది. లైనులో ఎవరో నవ్వారు. ఇంట్లో దాచుకుని అడుక్కోవడానికి వచ్చిందని ఇంకొకరన్నారు. ఖాలా నా వైపు చూసింది. నేను ఉప్పు ప్యాకెట్లు సర్దుతున్నాను. ఆమె ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఐదుగురికీ కిట్లు వెనక తలుపు నుంచి ఇచ్చారు. మాకు ఫొటోలు లేవు. అది దానం కాదు, చేసిన పనికి ఇచ్చింది.

నవంబర్ 10, సోమవారం

కందిపప్పు బాగా ఉడికింది.

నవంబర్ 14, శుక్రవారం

మధ్యాహ్నం అన్నం తింటూ అత్త ముత్యమ్మ, ఆలంబీకి కిట్టు ముట్టిందా అని అడిగింది. లేదన్నాను. వాళ్ళింట్లో గిన్నెడు బియ్యం ఉన్నాయని కూడా చెప్పాను. అత్త చేయి కంచంలోనే ఆగిపోయింది.

“ఏ గిన్నె పుష్పా? గుడ్డ కట్టిన గిన్నెనా?”

గిన్నె గిన్నే, దానికి పేర్లు కూడా ఉంటాయా అన్నాను. నా గొంతులో అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అత్త సగం అన్నం వదిలేసి చేయి కడుక్కుంది. ఈ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆమె అన్నం వదలడం నేను చూడలేదు.  నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 15, శనివారం

నాకెలా తెలుస్తుంది? మూత తీసి చూడటమే నాకిచ్చిన పని. ఎవరింట్లో ఉన్న బియ్యం ఎవరివని అడగమని ఫారంలో ఎక్కడా లేదు.

నవంబర్ 18, మంగళవారం

నాకెలా తెలుస్తుంది.

నవంబర్ 21, శుక్రవారం

పొద్దున బోరింగు దగ్గర సుమయ్య పడిపోయింది. బిందె ఎత్తబోయి అలాగే కూలబడింది. నేను అక్కడే ఉన్నాను, నా బిందె నిండుతోంది. పక్కింటి ఫరహత్, నేను కలిసి ఆటోలో పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఖాలా మాతోపాటే వచ్చింది. దారి పొడుగునా కోడలి తల ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతూ కూర్చుంది.

సుమయ్యకు రక్తం ఏడు శాతం కూడా లేదన్నారు. ఎక్కించాలన్నారు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది కానీ నెలలు నిండకుండానే కాన్పు అయ్యే భయం ఉందట. రోజూ ఏం తింటున్నావమ్మా అని డాక్టరమ్మ అడిగింది. సుమయ్య ఖాలా వైపు చూసి, చాయ్‌ల బన్ను ముంచుకుని తింట అంది. రెండు పూటలా అదేనా అంటే తల ఊపింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, వీటి మీదికి పప్పు, గుడ్డు, ఆకుకూర తినాలని నాకు చెప్పింది. నన్ను ఆ ఇంటి మనిషి అనుకుంది.

బయట బల్ల మీద ఫరహత్ ఏడ్చింది. ఇంట్లో ఇలా ఉందని ఖాలా గల్లీలో ఎవరికీ తెలియనివ్వలేదట. నేను తెలియనట్టు, మరి ఆ గిన్నెలో బియ్యం ఉన్నాయి కదా అన్నాను.

“అవి ఆల్లయి గావక్కా,” అంది ఫరహత్. “గల్లీ మొత్తానియి. వండే ముంగట మేమందరం పిడికెడు తీసి పక్కకు పెడ్తం. వారం వారం ఖాలా గిన్నెల పోస్తం. ఎవరింట్ల పొయ్యి వెలుగుత లేదో సూసి ఆమె ఇచ్చొస్తది. గిన్నె ఉన్న ఇల్లు అండ్లకెళ్ళి ఒక్క గింజ తినొద్దు. గందుకే మీ బ్యాంకుకు వచ్చింది పాపం.”

అవునా, నాకు తెలియదే అన్నాను. నా గొంతు నాకే జిడ్డుగా వినిపించింది.

సాయంత్రం అత్త మా కిట్టులో మిగిలిన పప్పు, నూనె కొంగులో పెట్టుకుని కర్ర ఊతంతో ఆ ఇంటికి వెళ్ళింది. నన్ను తోడు రమ్మనలేదు.

నవంబర్ 22, శనివారం

తెలుసు.

గుడ్డ విప్పగానే తెలిసింది. నాలుగు రకాల బియ్యం ఏ ఇంట్లోనూ కలిపి పెట్టుకోరు. దొడ్డు బియ్యం ఉడికేలోగా నూకలు ముద్దయిపోతాయి. అన్నం ఒక పక్క జావగా, ఒక పక్క పలుకుగా ఉంటుంది. ఆ అన్నం సంగతి నాకు బాగా తెలుసు. మూడు నెలలు తిన్నాను.

ఏడేళ్ళ కిందట కంపెనీలో మా ఆయన మీద యాసిడ్ పడి మంచాన ఉన్నప్పుడు. కంపెనీ వాళ్ళు ముఖం చాటేశారు. నేను ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ పనికి పోలేకపోయాను. ప్రతి శుక్రవారం తెల్లవారేసరికి మా గుమ్మంలో గుడ్డమూట ఉండేది. తెచ్చినవాళ్ళు ఎవరో చూడకూడదని కావాలనే ఆలస్యంగా తలుపు తీసేదాన్ని. ఒకరోజు తొందరపడ్డాను. ఖాలా వంగి మూట పెడుతోంది. నా వైపు చూసి, ఏమీ అనకుండా కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకు ఇంకా కోపం వచ్చింది నాకు. ఆమె ఎదురైతే పక్క గల్లీలోకి తిరిగేదాన్ని. ఆమె ఇంటి ముందు బురదా లేదు ఏమీ లేదు. సిమెంటు రోడ్డు వేసి నాలుగేళ్ళయింది.

నాకు అన్నం పెట్టిన మనిషి మీద ఏడేళ్ళు అసహ్యం పెంచుకున్నాను. ఆకలిగా ఉన్న నా ముఖం చూసిందని. ఐదో తారీకున నొక్కింది అందుకే. ఆమె కూడా లైనులో నిలబడి లేదనిపించుకోవాలని నాకు ఉంది. ఉండింది. సూర్యారావు గారి శానిటైజర్ గురించి ఎంత బాగా రాశానో నవంబర్ తొమ్మిదిన. నా సంగతి రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నవంబర్ 24, సోమవారం

పవన్ సార్‌తో చెప్పాను. ఏడేళ్ళ కిందటి సంగతి చెప్పలేదు, తెలిసి తప్పు నొక్కానని మాత్రం చెప్పాను.  ఈ నెల జాబితా దాతలకు వెళ్ళిపోయింది, ఇక తిప్పలేనన్నాడు. ఈ మాట బయటికి పొక్కితే వచ్చే నెల సరుకే ఆపేస్తారని భయపడ్డాడు. అలాంటి గిన్నెలు ఇంకెన్ని ఇళ్ళలో ఉన్నాయని అడిగాడు. తెలియదన్నాను. ఈసారి నిజంగానే తెలియదు. అయితే ఇన్నాళ్ళూ ఎంతమందిని తీసేశామో అని తల పట్టుకున్నాడు.

సాయంత్రం గుడ్ల ట్రే ఒకటి కొనుక్కుని తనే ఖాలా ఇంటికి వెళ్ళాడు. ఫొటో తీయలేదు. ఇకనుంచి మూత తీసేముందు ఇది ఎవరి బియ్యం అని అడగాలని మా ఐదుగురికీ చెప్పాడు.

నవంబర్ 27, గురువారం

సుమయ్య ఇంటికి వచ్చింది. దూరం నుంచి చూశాను.

డిసెంబర్ 1, సోమవారం

మళ్ళీ తనిఖీలు. పవన్ సార్ వేరే గల్లీ ఇస్తానన్నాడు. మా గల్లీయే కావాలన్నాను.

ఖాలా చాప పరిచింది. ఈసారి కూర్చున్నాను. వంటింటి వైపు వెళ్ళలేదు. సుమయ్య లోపల పడుకుని ఉంది. ఖాలా చేటలో పాలకూర ఏరుతోంది. ఎలా మొదలుపెట్టాలో నిన్నంతా అనుకున్నాను, అదేదీ నోట్లోకి రాలేదు.

“ఖాలా, గా గిన్నె ఏందో నాకు ఎరుకే. ఎరుకుండే నొక్కిన.”

ఆమె చేతులు ఆగలేదు.

“నాకు తెల్సు బిడ్డా. గుడ్డ విప్పంగనే నీ మొకం జూసిన.”

మరి ఆ రోజు లైనులో అందరూ నవ్వుతుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆ బియ్యం గల్లీవని ఒక్క మాట అంటే నిషితే పేరు ఎక్కించేది. ఖాలా పాడైన ఆకు ఒకటి తీసి పక్కన పడేసింది.

“ఎట్ల చెప్పాలె? గల్లీల ఉండి నీకెట్ల తెల్వదని వాళ్ళు నిన్ను అడుగుతరు. పుష్ప కూడ ఒకప్పుడు గీ బియ్యం తిన్నదని గంతమందిల చెప్పాల్నా? ఇచ్చింది నోటితోని అంటే ఇంగ అది ఇచ్చినట్టే గాదు.”

సుమయ్యకు ఇంత జరిగింది కదా అన్నాను.

“అయింది. ఆ పొద్దు నాకు గుండె ఆగినంత పనైంది. నువ్వు జల్దీ ఆటో తెస్తివి.” చేట పక్కకు జరిపింది. “అయినా గిన్నె ముచ్చట నేను బయట పెట్టను. నా కోడలిని నేను సూసుకుంట.”

ఆటో తెచ్చింది ఫరహత్. ఆ మాట కూడా చెప్పాను. సరేలే అంది. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను. ఏడిస్తే మళ్ళీ ఆమే ఓదార్చాలి. ఆ పని కూడా ఆమెకు పెట్టడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఫోన్‌లో ‘నిల్వ లేదు’ నొక్కి, ఆమెకు చూపించి వచ్చాను. తర్వాత షెడ్డుకు వెళ్ళి నిషితతో కిట్టు జాబితాలో నా పేరు కూడా రాయించాను. మీకు వెనక నుంచి ఇస్తారు కదా ఆంటీ, పేరెందుకు అంది ఆ పిల్ల. మా ఇంటికి తనిఖీకి రమ్మన్నాను. అత్త స్వయంగా డబ్బాలు దించి చూపించింది.

డిసెంబర్ 7, ఆదివారం

ఇవాళ షామియానా లేదు, మంచు మాత్రం ఉంది. ఫ్యాక్టరీల వాసన గొంతులో పట్టుకుంది. సూర్యారావు గారికి బదులు ఇంకెవరో వచ్చారు. ఆయనా ఆకలి గురించే మాట్లాడాడు.

నేను సరుకులు పంచే బల్ల దగ్గరికి వెళ్ళలేదు. లైను చివర నిలబడ్డాను. ముందు ఎవరూ గమనించలేదు. తర్వాత పవన్ సార్ చూసి, అక్కా మీరేంటి అక్కడ, ఇటు రండి, మీది లోపల ఉంచాం అని పిలిచాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. కిష్టప్ప చూశాడు, బీహార్ ఆవిడ చూసింది. నేను మూతలు తీసి చూసిన ముఖాలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. పారిపోవాలనిపించింది.

“నా పేరు లిస్టుల ఉన్నది సార్. మీరు పిలిచినప్పుడు వస్త,” అన్నాను.

ఎవరో గొణిగారు. వలంటీరుకు కూడా కిట్టు కావాలా అన్నారు. అనాల్సిందే, నేనైనా అనేదాన్ని. ఆలంబీ ఖాలా పేరు తొమ్మిదోది. సంచి గుండెకు ఆనించుకుని ఫొటో దిగి, నా పక్క నుంచే వెళ్ళింది. ఆగలేదు, పలకరించలేదు. నన్ను అక్కడ చూడనట్టే వెళ్ళింది. ఆమె పద్ధతి అది.

నా పేరు యాభై ఏడోది. రెండు గంటలయ్యేసరికి కాళ్ళు గుంజాయి. ముందున్నవాళ్ళు నేల మీద కూలబడ్డారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉంటే, కిష్టప్ప తన సంచి ఒళ్ళోకి తీసుకుని జరిగి, కూసో బిడ్డా అన్నాడు. కూర్చున్నాను.